గచ్చకాయంత చింతపండు, నిమ్మకాయంత వార్త

జగిత్యాలలో కాలేజీ గేటుకు ఎదురుగా నాకో జిరాక్సు దుకాణం ఉంది. మరీ అగ్గిపెట్టేం కాదు. నేను, మిషను, ఒక స్టూలు ఒకేసారి పడతాం. మాలో ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టాలి, అంతే. అంతకుముందు నేను విలేకరిని. నలభై నాలుగేళ్లకే రిటైర్మెంటేమిటని అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. మా పత్రికలో జిల్లా పేజీలు ఎనిమిది ఉండేవి. అవి నాలుగయ్యాయి, నాలుగు కాస్తా రెండయ్యాయి, ఒకరోజు పొద్దున్నే పేజీ తెరిచి చూస్తే అందులో నేను లేను.

ఈ మధ్య శ్రావణి అనే డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి రికార్డు కాపీలకని వచ్చి, ఫోన్‌లో తన పేజీ చూపించింది. కాలేజీ సంగతులు, బస్టాండు సంగతులు తనే రాసి పెడుతోంది.

"అంకుల్, మీరు రిపోర్టర్ చేసిండ్రట గదా. ఫస్ట్ ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది.

"ఎనకాల లైన్ల పదిమంది ఉన్నరు బిడ్డా. రాసి ఇస్త తీ" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. లైన్లో ఉన్నది ఒక్కడే. ఒకటిని పది చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పెళ్లి భోజనాల దగ్గర అది బాగానే పనిచేస్తుంది, వార్తలో మాత్రం మనుషులకు తగులుతుంది. ఎవరికి తగిలిందో, ఎంత తగిలిందో ఆ అమ్మాయి కోసం రాస్తున్నాను. గుర్తింపు కార్డులు, శాలువాలు, డెస్కుతో తగాదాలు రాయడం లేదు. అవి ఎవరి దగ్గరైనా దొరుకుతాయి.

'పిడుగు' అనే నేను

నేను డిగ్రీ చదివే రోజుల్లో తెలుగు బ్లాగులు కొత్తగా వచ్చాయి. ఎడిటర్ ఉండడు. స్థలాభావం అనే మాట ఉండదు. బుగ్గారం నుంచి జగిత్యాల హాస్టల్‌కు వచ్చిన నాకు, నెట్ సెంటర్‌లో మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఢిల్లీ దద్దరిల్లుతున్నట్టు అనిపించేది. బ్లాగుకు 'పిడుగు' అని పేరు పెట్టాను. నా పేరు ఎక్కడా పెట్టలేదు. సొంత పేరు పక్కన పెడితే ధైర్యం ఎంత చవగ్గా దొరుకుతుందో అప్పుడే తెలిసింది.

బ్లాగులో పెట్టే ఒక్కో రాతను టపా అనేవాళ్లం. దాని కింద, చదివినవాళ్ల సంఖ్య చూపించే చిన్న డబ్బా ఉండేది. రోజూ పదకొండు అని చూపించేది. అందులో తొమ్మిది నేనే. పదోవాడు నెట్ సెంటర్ ఓనరు, నేనెప్పుడు లేస్తానా అని వెనక నిలబడి చదివేవాడు. పదకొండోవాడెవరో ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్కడి కోసమే రాశాను.

ఆదివారం వస్తే కోరుట్ల బస్సెక్కేవాణ్ణి. అక్కడ గడియారాల రిపేరు దుకాణం పైగదిలో జబ్బార్ సాబ్ ఉండేవారు. ఆ ప్రాంతంలో అందరికంటే పాత విలేకరి. పని నేర్పమని వెంటబడితే, కాదనలేక కూర్చోబెట్టుకున్నారు. ఆయన నా రాతల్లో అక్షరదోషాలు చూసేవారు కాదు. అంకెల మీద మాత్రం ఎర్ర పెన్ను పెట్టి ఆగేవారు.

"ధర్నాకు వెయ్యిమంది వచ్చిండ్రని రాసినవ్. లెక్కవెట్టినవా?"

"అందాజ సాబ్."

"అయితే నేను అందాజ ముప్పై అని రాస్త."

"ముప్పై కంటే ఎక్కువున్నరు సాబ్, నలభై రెండున్నరు."

"మరి లెక్కవెట్టినవ్ గదా మియా. గదే రాయి."

ఆ చదువు నాకు కోరుట్ల దాటేవరకే గుర్తుండేది. బస్సు మేడిపల్లికి వచ్చేసరికి నలభై రెండు మళ్లీ వెయ్యయ్యేది.

రాయికల్ అంగట్లో

ఒక అంగడినాడు, అంటే వారపు సంతనాడు, స్నేహితుడి బండి మీద రాయికల్ వెళ్లాను. అంగడి గేటు పక్కనే ఎల్లవ్వ అనే ఆమె ఎండుచేపలు, రొయ్యపొట్టు అమ్ముతోంది. అప్పటికి ఆమె పేరు నాకు తెలియదు. ఆమె తరాజు లేపినప్పుడు, చేపలు వేసే పల్లెం అడుగున నల్లటి ముద్ద ఒకటి కనబడింది. వంగి చూస్తే చింతపండు. పల్లెం అడుగున చింతపండు అంటిస్తే అంత బరువు కొనేవాడికి తగ్గిపోతుందన్నమాట. నాలోని పిడుగు లేచి కూర్చున్నాడు.

ఆమెను అడగలేదు. కొనేవాళ్లనూ అడగలేదు. మళ్లీ బండెక్కి నేరుగా మూడో నంబరు కంప్యూటర్ ముందుకు వచ్చాను. టపా పేరు 'తరాజు కింద దందా'. చింతపండు గచ్చకాయంత ఉంది. నిమ్మకాయంత అని రాశాను, ఎందుకంటే గచ్చకాయకు ఎవరికీ కోపం రాదు. ఏళ్ల తరబడి పేదల నోరు కొడుతోందని రాశాను. ఆమెను నేను చూసిందే ఆ రోజు, చూసింది కూడా రెండు నిమిషాలు. పేరు మాత్రం పెట్టలేదు. 'గేటు పక్కన ఎండుచేపలమ్మే మహిళ' అని ఊరుకున్నాను. పేరు రాయకపోవడమే నీతి అనుకున్నాను. గేటు పక్కన ఎండుచేపలమ్మేది ఆమె ఒక్కతే.

నెట్ సెంటర్ ఓనరుకు టపా తెగ నచ్చింది. కాగితం మీద అచ్చు తీసి, విలేకరులు కూర్చునే చాయ్ హోటల్‌కు పంపాడు. ఆ హోటల్ సంగతి మీకు చెప్పాలి. ప్రతి పట్నంలోనూ అలాంటిది ఒకటుంటుంది. మధ్యాహ్నం విలేకరులంతా అక్కడ చేరతారు. ఒకరు ధర్మపురి వెళ్లొస్తారు, ఒకరు మెట్‌పల్లి వెళ్లొస్తారు, తెచ్చిన వార్తలు అందరూ రాసుకుంటారు. దాన్ని దొంగతనం అనలేం. ఒక్క మనిషి ఒకే రోజు నాలుగు దిక్కులకు పోలేడు కదా. చిక్కల్లా ఎక్కడంటే, ఒక్కోసారి ఎవరూ వెళ్లకపోయినా అందరూ వెళ్లినట్టే ఉంటుంది.

మర్నాడు మూడు పత్రికల్లో వచ్చింది. ఒకదాంట్లో నా నిమ్మకాయ బత్తాయి అయింది. రెండోదాంట్లో ఇనుప ముక్క అయింది. మూడోదాంట్లో అయస్కాంతం అయింది. అయస్కాంతంతో ఎండుచేపలను ఎట్లా లాగుతారో ఆ విలేకరికే తెలియాలి. నేను మాత్రం మూడూ కొని హాస్టల్ గోడకు అంటించుకున్నాను. ఆ వారం జబ్బార్ సాబ్ నిజామాబాద్‌లో పెళ్లికి వెళ్లారు. లేకపోతే నా గోడ ఖాళీగా ఉండేది.

"జెర సదివి చెప్పు కొడుకా"

నా ప్రతాపం చూసుకోవడానికి తర్వాతి అంగడికి మళ్లీ వెళ్లాను. గేటు పక్కన ఉల్లిగడ్డలు పోసుకుని ఎవరో కూర్చున్నాడు. గోడకు పేపరు కటింగు అంటించి ఉంది. ఎల్లవ్వ రోడ్డవతల, మోరీ పక్కన, గొడుగు కింద కూర్చుని ఉంది. చేపల గంప నిండుగా ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఓ కొడుకా, సదువుకున్న పోరనివి లెక్కున్నవ్. గీ పేపర్ల నా ముచ్చట ఏం రాసిండ్రో జెర సదివి చెప్పు. ఒక్కొక్కలు ఒక్కో తీరు జెప్తుండ్రు."

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. అది పేపరు కటింగు కాదు, నా టపానే. ఎవరో తెచ్చిచ్చారట. నా వాక్యాలు నేనే ఆమెకు చదివి వినిపించాను. రాసినప్పుడు ఎంత జోరుగా ఉన్నాయో చదివేటప్పుడు అంత పొడుగ్గా అనిపించాయి. నిమ్మకాయ దగ్గర ఆమె ఆపింది.

"ఏందీ, నిమ్మకాయంతనా?" తరాజు పల్లెం తిరగేసి నా ముక్కు ముందు పెట్టింది. "గిది నిమ్మకాయంత ఉన్నదా? గా రాసినోడు ఎన్నడన్న నిమ్మకాయ సూసిండా?"

"సూసే ఉంటడవ్వా" అన్నాను.

"గీ పల్లెం గొలుసు తెగితె కొత్తది ఏయించిన. గది సన్నగొలుసు. పల్లెం అలుకగయ్యింది. రెండు సమానం గావాల్నని చింతపండు వెట్టిన. గిది తీసేత్తె నాకు లాసు. జెరంత పెద్దది వెడితె నీకు లాసు. పాసంగం అంటరు. పాసంగం లేని పాత తరాజు యాడున్నది?"

రెండు పల్లేలూ ఖాళీ చేసి, తరాజును తాడు పట్టుకుని లేపింది. నడుమ ఉన్న ముల్లు బడిలో నిలబెట్టిన పిల్లాడిలా నిటారుగా నిలబడింది.

"మరి అంగట్ల జాగలు ఇచ్చే గుత్తేదారుకు ఇట్ల చూపెట్టలేదా?" అని అడిగాను.

"ఆయనకు ఎరుక గాదా? అంగట్ల అందరికి ఎరుకే. పేపర్ల వడ్డంక ఎరుకున్నోల్లు గూడ ఎరుకలేనట్టు జేత్తుండ్రు. ముచ్చట సల్లారెదాక బయట కూసో అన్నడు. మూడంగల్లు లోపట కూసోకపోతె జాగ పోతది కొడుకా. గదీడి కట్టడి. ఇయ్యాల ఒకటి."

నేనే రాశానన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి మళ్లీ లోపలికి పోయింది. పిడుగుగారు చప్పుడు చేయకుండా బండెక్కి జగిత్యాల వచ్చేశారు.

తీసేస్తే పోతుందనుకున్నాను

రాగానే టపా తీసేశాను. ఇక నా తప్పు ప్రపంచంలో లేదని కాస్త తేలికపడ్డాను. ఆదివారం జబ్బార్ సాబ్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"రాసే ముందు ఆమెను అడిగినవా?"

"అడిగితె అలర్ట్ అయితది గదా సాబ్."

"అయితె ఏం జేస్తది? చింతపండు వట్టుకొని దుబాయి పోతదా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"మా అబ్బాజాన్ తరాజులు జేసెటోడు. ఎవలన్న వచ్చి, ఫలానోడు తక్కువ తూకం ఏస్తుండని అంటే ఒకటే అడిగెటోడు. ఉత్త తరాజు లేపి చూసినవా అని. నువ్వు చూసినవా?"

"లేదు సాబ్. కానీ టపా తీసేసిన."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "తీసేసినవ్. అంటే నువ్వు తప్పు రాయనే లేదన్నట్టు. ఆమె తప్పు మాత్రం గోడ మీదనే ఉన్నది. శభాష్."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు బ్లాగులో పాత టపా మళ్లీ పెట్టి, దాని పైన తప్పు ఒప్పుకుంటూ రాశాను. పదకొండుమంది చదివారు. తర్వాత మూడు పత్రికల విలేకరుల దగ్గరికీ వెళ్లాను. మొదటాయన, డెస్కు ఒప్పుకోదన్నాడు. రెండో ఆయన, ఆ పిడుగు ఎవడో పట్టుకొచ్చి మాట్లాడమన్నాడు. పట్టుకొచ్చే అవసరం లేదని చెప్పే దమ్ము నాకు లేకపోయింది. మూడో ఆయన మాత్రం న్యాయంగా ఆలోచించాడు.

"మా దాంట్ల అయస్కాంతం అని వచ్చింది తమ్మీ. చింతపండుకు మేమెట్ల సవరణ ఏస్తం?"

ఉత్త తరాజు

రెండో అంగడినాడు ఎల్లవ్వ ముందు నిలబడి, రాసింది నేనేనని చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. చేపల మీద వాలిన ఈగలను కాసేపు తోలింది.

"నీ పేరేంది?"

చెప్పాను.

"గా పేరు గా కాయిదంల లేకపాయె."

"వెట్టలేదవ్వా."

"నా జాగ వెట్టినవ్ గని నీ పేరు వెట్టలే."

ఇన్నేళ్ల పనిలో నా రాత మీద ఎడిటర్లు, నాయకులు, వకీళ్లు చాలా మాటలన్నారు. ఇంత పొట్టి మాట ఇంకెవరూ అనలేదు.

నాకు తోచింది నేను చెప్పాను. మైకు ఆటో మాట్లాడతాను, అంగడంతా తిరిగి, ఎల్లవ్వ తూకం సక్కటిదని చాటిస్తాను అన్నాను. నాకు దేన్నైనా పెద్దగా చేయడమే వచ్చు కదా.

"మైకుల జెప్తె నన్ను ఊరేగించినట్టుంటది. మతిలేదా నీకు? కూసో ఈడ. అచ్చినోల్లకు లేపి సూపెట్టు, నువ్వే జెప్పు."

కూర్చున్నాను. ముందర వచ్చిన ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవలే ఎల్లవ్వా గీ పోరడు? నీ అల్లుడా?"

"గంత కర్మ పట్టలే నాకు. పేపర్ల రాసినోడు."

"ఏం రాసినవ్ రా?"

"తప్పు రాసిన తాతా" అని ఖాళీ తరాజు లేపాను. ముల్లు నిటారుగా నిలబడింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. చేపలు కొనలేదు. కానీ వెళ్లి ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు, చేపలకు కాదు, నన్ను చూపించడానికి. నాకు సిగ్గుగానే ఉంది, ఎల్లవ్వ మాత్రం ఆ ఇద్దరికీ రొయ్యపొట్టు అంటగట్టింది. పొద్దు గూకేలోపు ఆ తరాజు వెయ్యిసార్లు లేపాను. సరే, అరవై నాలుగుసార్లు. ఈసారి నిజంగానే లెక్కపెట్టాను. హాస్టల్‌కు పోయాక నలభై పిల్లులు నా వెంట పడ్డాయి. రెండు.

మూడో అంగడికి కాలేజీ ఎగ్గొట్టి పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఈసారి జనం ముందే నవ్వుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి గుత్తేదారు వచ్చాడు. మాటా పలుకూ లేకుండా తరాజు తీసుకుని తనే లేపాడు, ముల్లు చూశాడు, కింద పెట్టాడు. "లోపటికి నడువు ఎల్లవ్వా" అన్నాడు. "గని గేటు కాడ ఉల్లిగడ్డలాయన కుదురుకున్నడు. ఆయన్ని లేపలేను. ఎనక మిరపకాయల సందుల కూసో."

ఎల్లవ్వ ఒక్క క్షణం గేటువైపు చూసింది. పద్దెనిమిదేళ్లు కూర్చున్న చోటు అది. తర్వాత గంప నెత్తికెత్తుకుంది. తరాజు నేను పట్టుకుని వెనకాల నడిచాను. మిరపకాయల సందులో జనం ముందు తుమ్మి, ఆ తర్వాత చేపలు కొంటారు. కొందరు అంత లోపలికి రానే రారు.

ఎల్లవ్వ జాగ ఎల్లవ్వకు ఇప్పించానని చెప్పుకోవాలని నాకు చాలా ఉంటుంది. చెప్పుకుంటే అది కూడా నిమ్మకాయే అవుతుంది. గేటు పక్కన జాగ పోయింది. నా వల్ల పోయింది.

సిరిసిల్లలో మళ్లీ

దీంతో నేను బాగుపడ్డానని అనుకోకండి. ఉద్యోగం వచ్చాక కొన్నాళ్లు సిరిసిల్లలో ఉన్నాను. చందుర్తి నుంచి బస్సులో వస్తూ వస్తూ ఒకరోజు నేత కార్మికుల వాడలో దిగితే ఎక్కడా చప్పుడు లేదు. 'మూగబోయిన మరమగ్గాలు' అని మనసులోనే శీర్షిక కట్టేశాను. మొదటి వాక్యంలోనే రెండు కన్నీటి చుక్కలు కూడా రాల్చాను. గుమ్మంలో బీడీ తాగుతున్న ఆసామి, అంటే నాలుగు మగ్గాలు నడుపుకునే ఆయన, నన్ను చూసి లేచాడు.

"ఏంది సార్, గంత ఏడుపు మొఖం వెట్టిండ్రు?"

"మగ్గాలు ఎన్ని దినాల్నుంచి బందున్నయే?"

"పావుగంటసంది. కరెంటు పోయింది."

ఆయన మాట పూర్తికాకముందే వాడంతా ఒక్కసారి టకటకమంది. ఆ చప్పుడులో ఆయన నా చెవి దగ్గరికొచ్చి, గట్టిగా, "గీ ముచ్చట గూడ రాస్తరా?" అని అడిగాడు. పుస్తకం జేబులో పెట్టుకున్నాను. ఆ వాడలో నిజంగా రాయాల్సిన కష్టాలు బోలెడున్నాయి. ఆయన పక్కన కూర్చుని గంటసేపు వింటే నాలుగు తెలిశాయి. నేను కట్టిన శీర్షిక మాత్రం అందులో లేదు.

శ్రావణీ, నీ పేజీకి పనికొచ్చేది నాకు తెలిసినంతలో ఇంతే. ఎవరి మీద రాస్తున్నావో వాళ్లను ముందు అడుగు, వాళ్లు అలర్టయినా సరే. పేరు రాయకుండా జాగ రాస్తే పేరు రాసినట్టే. తప్పు రాస్తే చెరిపేసి చేతులు దులుపుకోకు. దాన్ని అక్కడే ఉంచి, తప్పని పైన రాయి. తప్పు ఎంతమంది దగ్గరికి పోయిందో ఒప్పుకోలు కూడా అంతమంది దగ్గరికి నడిచి వెళ్లాలి. ఎక్కువసార్లు అది చేరదు. అందుకే మొదటే ఖాళీ తరాజు లేపి చూడటం మేలు. నీ పేరు పెట్టుకో. పేరు కింద రాసేటప్పుడు చెయ్యి కొంచెం నిదానిస్తుంది.

విలేకరిగా ఉన్నన్నాళ్లూ రాయికల్ ఎప్పుడు వెళ్లినా ఎల్లవ్వ దగ్గర చేపలు కొనేవాణ్ణి. తూచే ముందు ఆమె ఖాళీ తరాజు లేపేది. అందరికీ అలా చేసేది కాదు, నాకు మాత్రమే. కోపంతో చేస్తోందో పరాచికానికి చేస్తోందో నేనెప్పుడూ అడగలేదు.

పోయినేడు మళ్లీ వెళ్లాను. మిరపకాయల సందులోనే ఉంది, కళ్లజోడు వచ్చింది. పాత తరాజు లేదు, బ్యాటరీ కాంటా పెట్టింది. హమ్మయ్య, నా శిక్ష ముగిసిందనుకుని పావుకిలో చేపలు అడిగాను. ఆమె తొందరపడలేదు. బటన్ నొక్కింది. ఎర్రగా అంకెలు వెలిగేదాకా ఆగింది. కాంటాను రెండు చేతులతో నావైపు తిప్పింది.

"సున్నాలు కనవడ్తున్నయా?"

"కనవడ్తున్నయవ్వా."

"రాసుకో" అంది. అప్పుడు చేపలు వేసింది.